రేపటిలా కనిపించే నిన్నటి అక్షరాలు

అక్షరం మనం చదవకముందే మనతో మాట్లాడుతుంది. చదువురాని మా అమ్మానాన్నలు ఎరువుల బస్తాను, పురుగుమందు డబ్బాను వాటి మీది అక్షరాల తీరు చూసే గుర్తుపడతారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన మేము అక్షరాల అర్థం నేర్చుకున్నాం గాని వాటి ఆకారం గురించి మాకెవరూ చెప్పలేదు. అందుకే ఒక ఫాంటు కథ ఇక్కడ రాస్తున్నాం. దాని పేరు యూరోస్టైల్.

పుట్టుక: ఇటలీలోని టూరిన్ నగరంలో నెబియోలో అనే సంస్థ అచ్చు అక్షరాలను పోతపోసేది. అక్కడ పనిచేసిన అలెస్సాండ్రో బుట్టి, ఆల్డో నొవారెసె కలిసి 1952లో మైక్రోగ్రామా అనే ఫాంటు తయారుచేశారు. అందులో ఇంగ్లీషు పెద్ద బడి అక్షరాలే ఉండేవి. శీర్షికలకు సరిపోయింది గాని పేరాలు కూర్చడానికి చాలదు. 1962లో నొవారెసె చిన్న బడి అక్షరాలూ చేర్చి యూరోస్టైల్‌ను రూపొందించారు.

ఆకారం: మామూలుగా గుండ్రంగా ఉండే ఇంగ్లీషు ‘ఓ’ ఇందులో మూలలు అరగదీసిన చతురస్రంలా, పాతకాలపు టీవీ తెరలా ఉంటుంది. గీతల చివర తోకలుండవు. ఇలాంటి వాటినే శాన్స్ సెరిఫ్ అంటారు. ఎక్స్‌టెండెడ్ అనే రకంలో అక్షరాలు అడ్డంగా బాగా వెడల్పుగా ఉంటాయి.

పేరు: 1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చిత్రంలో వ్యోమనౌక లోపలి రాతలకు ఈ ఫాంటు వాడారు. తర్వాత మరెన్నో అంతరిక్ష చిత్రాలు ఇదే బాట పట్టాయి. చూసి చూసి, ఈ అక్షరం కనబడితే చాలు ‘ఇది భవిష్యత్తు’ అనుకోవడం ప్రేక్షకులకు అలవాటైంది. నిజానికి ఆ ‘భవిష్యత్తు’ పుట్టి అరవై ఏళ్లు దాటింది!

మన లిపి సంగతి: ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలోనే పైన గుడిదీర్ఘం, కింద వత్తులు ఉన్నాయి. దానికి నిలువునా చోటు కావాలి. కంప్యూటర్లో అడ్డంగా లాగితే నిలువు గీతలు లావెక్కి, అడ్డగీతలు అలాగే ఉండిపోయి రూపం చెడుతుంది. తెలుగుకు కొత్త రూపం కావాలంటే తెలుగు తెలిసినవాళ్లే కూర్చుని గీయాలి. బొమ్మలు బాగా వేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇదీ ఒక వృత్తేనని గుర్తుంచుకోండి.

చివరిగా ఒక మాట. పరీక్షలయ్యాక హాస్టల్ గేటు దగ్గర కోర్సుల కరపత్రాలు పంచుతారు. వాటి మీద ఇలాంటి వెడల్పాటి అక్షరాలు మెరుస్తుంటాయి. అక్షరం కొత్తగా ఉన్నంత మాత్రాన చదువు కొత్తది కాదు. గుర్తింపు ఉందా? ఏం నేర్పుతారు? నిరుటి విద్యార్థులు ఇప్పుడెక్కడ ఉన్నారు? ఈ మూడూ అడిగాకే ఫీజు కట్టండి. ఆ డబ్బు వెనుక మన అమ్మానాన్నల కూలి ఉంది.