పాటను చూపు విధము

బుఱ్ఱకథ చెప్పువారు వేదిక యెక్కి నిలిచినంతనే, వారింకను నోరు విప్పకమునుపే, చూచువారికి సగము సంగతి తెలిసిపోవును. నడుమ తంబురా భుజమున వేసికొని నిలిచినవాడు కథకుడు. ఇరుప్రక్కల గుమ్మెటలు పట్టినవారు వంతలు. ఆ యిద్దరిలో నొకడు హాస్యమాడును; మఱియొకడు లోకము పోకడలను గూర్చి పలుకును. ఈ యేర్పాటును ప్రతిసారియు ఎవరును విప్పి చెప్పరు. చెప్పువారికిని వినువారికిని నడుమ ఇది యొక యొప్పందము. చకోరము వెన్నెల త్రాగునని కవి వ్రాసినప్పుడు, ఆ పక్షి నిజముగా త్రాగునా యని చదువరి అడుగడు. దానిని కవిసమయమందురు. ఇట్టి సమయములు ప్రతి కళకును గలవు. ఒక్కొక్క కళలోని శాఖలకును వేఱువేఱుగా గలవు.

ఇటీవల పుట్టిన కళలును ఇందులకు వెలికావు. ఒక పాట కొఱకై, ఆ పాట యెంతసేపు సాగునో అంతసేపే నడచునట్లు తీసిన చిన్న చిత్రమును మ్యూజిక్ వీడియో యని పిలుచుచున్నారు. దృశ్యగీతమని తెలుగున చెప్పుకొనవచ్చును. దృశ్యగీతములలో అనేక జాతులు గలవు. నాట్యప్రధానమైన పాటకు పదిమంది నర్తకులు ఒక్క అడుగుగా కదలుట ముఖ్యము. గిటారు మీటుచు ఒంటరిగ పాడు జానపద గాయకునికి ఆ ఆర్భాటము తగదు. ఇచ్చట చెప్పబోవునది పాప్ రాక్ అను శాఖను గూర్చి. ఇది గడచిన శతాబ్దపు ఉత్తరార్ధమున బ్రిటన్, అమెరికా దేశములలో వృద్ధిపొందినది. రాక్ సంగీతమునందలి విద్యుత్ గిటారుల బలమును, పాప్ పాటలందలి సులువుగా నోటికి పట్టు వరుసయు ఇందు కలిసియుండును. బృందములో సాధారణముగ నలుగురైదుగురుందురు. పాడువాడు ముందు నడుమ నిలుచును. గిటారులవారు ఇరుప్రక్కల నుందురు. డ్రమ్ములవాడు వెనుక కూర్చుండును. బుఱ్ఱకథ దళమును చూచిన కన్నులకు ఈ కూర్పు క్రొత్తగా తోపదు.

ఇట్టి పాటకు దృశ్యగీతము తీయబూనిన దర్శకునికి సంప్రదాయము మొదట నేర్పు పాఠమేమనగా, బృందము వాయించుచుండగా చూపుము అని. చూడ నిది సులభముగా కనబడును గాని, తీయు విధము విచిత్రమైనది. పాట అంతకు ముందే రికార్డు చేయబడియుండును. చిత్రీకరణ స్థలమున ఆ రికార్డును పెద్దగ మ్రోగింతురు. దానికి సరిగా గాయకుడు పెదవులు కదపును. తక్కినవారు వాయించునట్లు అభినయింతురు. వారి వాయిద్యముల ధ్వనితో పని లేదు. అందుచేతనే అనేక దృశ్యగీతములలో విద్యుత్ గిటారుకు తీగయే తగిలింపబడి యుండదు. కొండకొమ్మున నిలిచి మీటుచున్నను ధ్వని మాత్రము ఘనముగ వినవచ్చును. చూచువారు దీనిని తప్పుపట్టరు. ఇదియు చకోరము వంటిదే.

పాటను మొదటినుండి తుదివరకు పెక్కుమారులు అభినయింపజేయుదురు. ఒకసారి కెమేరా దూరమున నిలిచి బృందము నంతటిని చూచును. మఱియొకసారి గాయకుని ముఖమును మాత్రమే చూచును. ఇంకొకసారి గిటారు మీటు వ్రేళ్ళను, వేఱొకసారి డ్రమ్ములపై పడు కఱ్ఱలను పట్టును. తరువాత కూర్పరి వీనినన్నిటిని ఒకే రికార్డు ననుసరించి వరుసగా పేర్చుకొని, ఎక్కడ నెవరిని చూపవలెనో ఎన్నుకొనును. గిటారు ఒంటరిగ విజృంభించుచోట గాయకుని మొగము చూపినచో చూచువాడు నిరాశపడును. అతని కన్ను అప్పటికే వ్రేళ్ళను వెదకుచుండును. డ్రమ్ముపై గట్టి దెబ్బ పడినచోట చిత్రఖండము మాఱుట మిక్కిలి వాడుకలోనున్న పద్ధతి. అయితే ప్రతి దెబ్బకును ఖండము మార్చుచు పోయినచో చూపు అలసిపోవును. కొత్తగా కూర్పు నేర్చువారు తఱచుగ చేయు పొరపాటు ఇదియే.

గాయకుని చూపు విషయమున నొక విశేషము గలదు. కథాచిత్రములలో నటులు సాధారణముగ కెమేరా కంటిలోనికి చూడరాదు. చూచినచో కథాలోకము చెదరిపోవును. దృశ్యగీతమున గాయకుడు సూటిగా దానిలోనికే చూచి పాడును. ఆ చూపు చూచువానిని పేరుపెట్టి పిలిచినట్లుండును.

పాటయొక్క నిర్మాణమును కూడ దర్శకుడు గమనింపవలెను. తెలుగు పాటలలో పల్లవి ముందు వచ్చును, చరణములు దాని వెనుక నడచును. ఆంగ్ల పాప్ రాక్ పాటలందు తఱచుగ చరణమే ముందు. అది తగ్గు స్వరమున మొదలై మెల్లగ పేరుకొని, పిమ్మట పల్లవిగా పెల్లుబుకును. కావున చరణమున ముఖమును, చీకటిని, కథలోని చిన్న ఘట్టములను చూపి, బృందమంతయు నిండిన విశాల దృశ్యమును పల్లవి కొఱకు దాచియుంచుట వాడుక. ముందుగనే అంతయు చూపివేసినవానికి పల్లవి వచ్చుసరికి చేతిలో నేమియు మిగులదు.

ఈ పద్ధతులు ఎవరో శాస్త్రకారులు కూర్చుండి వ్రాసిన సూత్రములు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క యవసరమున పుట్టినది. 1960వ దశకమున బీటిల్స్ బృందమునకు అనేక దేశముల టెలివిజన్ కేంద్రములనుండి పిలుపులు వచ్చుచుండెను. అన్నిచోట్లకు పోవుట వారివలన కాలేదు. తమకు బదులుగా చిత్రములను పంపనారంభించిరి. 1966వ సంవత్సరమున లండనులోని చిజిక్ హౌస్ తోటలో 'పేపర్‌బ్యాక్ రైటర్', 'రెయిన్' అను పాటలకు అట్లు చిత్రములు తీసిరి. రాలేని బృందమునకు బదులు పోవు చిత్రమగుటచే, అందు బృందము పాడుచు వాయించుచు కనబడుట సహజమే కదా! మఱుసటి యేడు 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' పాటకు తీసిన చిత్రమున వారు పాడుచున్నట్లు చూపుటయే మానివైచిరి. 1981వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన అమెరికాలో దృశ్యగీతముల కొఱకే ఎం.టి.వి. యను టెలివిజన్ ప్రసారము మొదలయ్యెను. ఆ దినమున మొట్టమొదట చూపిన పాట పేరు 'వీడియో కిల్డ్ ది రేడియో స్టార్'. వీడియో వచ్చి రేడియో తారను చంపినదని దాని భావము. ఆ పేరు నెన్నుకొన్నవారి కొంటెతనమునకు నవ్వు రాకమానదు.

సంప్రదాయమును తెలివిగా వాడుట యెట్లో తెలిసికొనుటకు క్వీన్ బృందముయొక్క 'బొహీమియన్ రాప్సడీ' చక్కని యుదాహరణము. ఈ పాట 1975వ సంవత్సరమున వెలువడెను. దాదాపు ఆఱు నిమిషముల పాట. మొదట నెమ్మదిగ సాగి, నడుమ సంగీతనాటక ధోరణిలో అనేక కంఠముల కోలాహలమై, తరువాత రాక్ సంగీతముగ విరుచుకొనిపడును. నడిమి భాగమున వినవచ్చు కంఠములు బృందమువారివే. కాని వారు స్టూడియోలో మరల మరల పాడి, ఒకదానిపై నొకటి పొరలుగా పేర్చినవి. నలుగురు వేదికపై నిలిచి దానినంతయు ఒక్కమారుగ పాడుట అసాధ్యము. తమ కచేరీలలో ఆ భాగము వచ్చినప్పుడు వారు వేదిక దిగిపోవుటయు, రికార్డు చేసిన ధ్వనిని వినిపించుటయు జరుగుచుండెను. ఇక దృశ్యగీతమున నేమి చేయవలెను? నలుగురును వేదికపై నిలిచి వందల కంఠములతో పాడుచున్నట్లు చూపినచో, చూచువాని కంటికి అది వెంటనే అబద్ధమై తోచును.

దర్శకుడు బ్రూస్ గవర్స్ ఎల్‌స్ట్రీ స్టూడియోలో నాలుగైదు గంటలలోనే ఆ చిత్రమును ముగించెను. అందు నెమ్మది భాగమునను, రాక్ భాగమునను బృందము వేదికపై వాయించుచు కనబడును. నాటకధోరణి భాగము రాగానే వేదిక మాయమగును. కటిక చీకటిలో నాలుగు ముఖములు మాత్రము పైకి చూచుచు తేలియాడును. ఒక్కొక్క ముఖము అనేకముగ చీలి, ఒకదాని వెనుక నొకటిగా నీడలవలె సాగిపోవును. కంఠములు పెరిగినట్లే ముఖములును పెరిగినవి! నిజముగ వాయింపగలిగినచోట వాయించుట చూపబడినది. వాయింపజాలని చోట అట్లని నటింపలేదు. బ్రిటన్‌లో ఆ పాట తొమ్మిది వారములు వరుసగా ప్రథమస్థానమున నిలిచెను. దానికి ఆ చిత్రమే కారణమని చెప్పుట అతిశయోక్తి కావచ్చును గాని, చిత్రము తోడ్పడలేదనువా రెవరును లేరు.

గిటారు తీగ లేకున్నను క్షమించు ప్రేక్షకుడు వేఱొక విషయమున క్షమింపడు. తెరపై పాడు ముఖమునకును, వినవచ్చు కంఠమునకును సంబంధముండవలెనని అతని నమ్మకము. తెలుగువారికి ఇది వింతగ తోచవచ్చును. ఘంటసాల వేంకటేశ్వరరావు నందమూరి తారకరామారావునకు పాడెను, అక్కినేని నాగేశ్వరరావునకును పాడెను. ఆ కంఠమెవరిదో ఎఱుగని ప్రేక్షకుడు లేడు. పేరు తెరపై స్పష్టముగ వేయుచుండిరి. కావున ఎవరును మోసపోలేదు. నేపథ్యగానమను ఒప్పందము ఇచ్చటిది. పాశ్చాత్య పాప్ సంగీతమున అట్టి యొప్పందము లేదు. జర్మనీలో రూపొందిన మిల్లీ వనిల్లీ యను జంట కథ ఇందులకు సాక్ష్యము. రాబ్ పిలాటస్, ఫాబ్ మోర్వాన్ అను ఇద్దరు యువకులు దృశ్యగీతములలో పెదవులు కదపుచు, చక్కగ నాట్యమాడుచు, లోకప్రసిద్ధులైరి. 1990వ సంవత్సరము ఫిబ్రవరిలో అమెరికాలో ప్రతిష్ఠాత్మకమైన గ్రామీ పురస్కారము వారికి లభించెను. ఆ సంవత్సరమే నవంబరులో, పాడినది వారు కాదని వారి నిర్మాతయే బయటపెట్టెను. ఆ నెలలోనే పురస్కారమును వెనుకకు తీసికొనిరి. పాడినవారు చీకటిలోనే యుండిరి, ఆడినవారు నవ్వులపాలైరి. పిలాటస్ 1998వ సంవత్సరమున పిన్నవయస్సుననే మరణించెను. తమ కంఠము కానిదని ఒక్క మాట ముందే చెప్పియున్నచో, ఆ యిద్దరును మంచి నర్తకులుగ పేరు గడించియుండెడివారేమో!

ఆ నమ్మకమొక్కటి నిలిచియున్నచో తక్కిన సంప్రదాయములలో పెక్కింటిని విడిచిపెట్టవచ్చును. కోల్డ్‌ప్లే యను ఆంగ్ల బృందము 2000వ సంవత్సరమున 'యెల్లో' యను పాటకు దృశ్యగీతము తీయబూనెను. ఇంగ్లండు దక్షిణ తీరమున డోర్సెట్ మండలములోని స్టడ్‌లాండ్ సముద్రతీరము స్థలముగ నిర్ణయింపబడెను. బృందమంతయు అందు కనబడవలెనని తొలి యేర్పాటు. చిత్రీకరణ దినముననే డ్రమ్ములు వాయించు విల్ చాంపియన్ తల్లి అంత్యక్రియలు జరుగవలసివచ్చెను. అతడు రాలేదు. దానికి తోడు ఆకాశము మబ్బుపట్టి వర్షము కురియుచుండెను. అనుకొన్న ఏర్పాట్లన్నియు విడిచిపెట్టి, గాయకుడు క్రిస్ మార్టిన్ ఒక్కడు తీరమువెంట పాడుచు నడచునట్లు తీయుటకు అప్పటికప్పుడు నిశ్చయించిరి.

అప్పుడు మిగిలిన సాధనము లేమి? గాయకుని ముఖము, అతని సూటియైన చూపు, పెదవుల కదలిక. ఈ మూటిని మాత్రము వారు గట్టిగ పట్టుకొనిరి. గిటారు లేదు, వేదిక లేదు, విశాల దృశ్యము కొఱకు దాచుకొనుటకు బృందమే లేదు. ఖండములు మార్చుటయు లేదు. మొదటినుండి తుదివరకు ఒకే ఖండము. కెమేరా అతని యెదుట వెనుకకు జరుగుచుండగా అతడు ముందునకు నడచుచుండును.

ఇందొక చిక్కైన పనితనము గలదు. బ్రిటన్ టెలివిజన్‌లో సెకనుకు 25 బొమ్మలు తెరపై నడచుట నియమము. వారు సెకనుకు 50 బొమ్మలు తీసిరి. వానిని మామూలు వేగమున చూపినప్పుడు అలలును, నడకయు, తడిసిన జుట్టును సగము వేగముతో మెల్లగ కదలును. కాని పెదవులు పాటతో కలియవలెను గదా! అందుకై తీరమున పాటను రెండింతల వేగముతో మ్రోగించిరి. మార్టిన్ అంత వేగముగనే పాడవలసివచ్చెను. నాలుగు నిమిషములకు మించిన పాటను రెండు నిమిషములకు పైచిలుకు కాలమున ముగించెను. తెరపై నిదానముగ, కలలో నడచువానివలె కనబడు ఆ మనుష్యుడు నిజమున వానలో తొందర తొందరగ మాటలు తరుముకొనుచు నడచినాడు.

చిత్రము చీకటిలో మొదలగును. అతడు వాననుండి కాపాడు చొక్కా తొడుగుకొని, తడిసిన మొగముతో నడచి వచ్చును. క్రమముగా వెలుగు హెచ్చును. ఆద్యంతము డ్రమ్ముల ధ్వని గంభీరముగ వినవచ్చుచునే యుండును. వాయించినవాడు మాత్రము ఆ తీరమున లేడు.