తెర వెలుగు దానంతటదే ఎందుకు మారుతుంది?

ల్యాప్‌టాప్‌లో నల్లని చిత్రం చూసి తెల్లని పేజీ తెరవగానే, కొన్ని క్షణాలపాటు తెర మసకగా ఉండి నెమ్మదిగా వెలుగు పుంజుకోవడం మీరు గమనించే ఉంటారు. బ్రైట్‌నెస్ మీటను మనం తాకనే లేదు. తెర పాడైందని కొందరు మరమ్మతుకు డబ్బు పెడతారు. కానీ దీనికి కారణం గ్రాఫిక్స్ డ్రైవర్‌లోని ఒక సెట్టింగ్ కావచ్చు. అదెలా పనిచేస్తుందో తెలుసుకుందాం.

వెలుగు లెక్క

ఎల్‌సీడీ తెరలో పిక్సెళ్లు స్వయంగా వెలగవు. వాటి వెనుక బ్యాక్‌లైట్ ఉంటుంది. ఆ కాంతిలో ఎంత భాగం బయటికి రావాలో పిక్సెల్ నిర్ణయిస్తుంది. కంటికి చేరే వెలుగు ఈ రెండింటి లబ్ధం.

బ్యాక్‌లైట్ 100 యూనిట్లు, పిక్సెల్ 40 శాతం తెరుచుకుని ఉంది అనుకుందాం. బయటికి వచ్చేది 40 యూనిట్లు. బ్యాక్‌లైట్‌ను 80కి తగ్గించి పిక్సెల్‌ను 50 శాతం తెరిచినా వచ్చేది 40 యూనిట్లే. కంటికి తేడా తెలియదు, బ్యాటరీ ఆదా అవుతుంది. డ్రైవర్ చేసే పని ఇదే. దీనిని ఇంటెల్ సంస్థ డిస్‌ప్లే పవర్ సేవింగ్ టెక్నాలజీ అని, ఏఎండీ సంస్థ వ్యారీ-బ్రైట్ అని పిలుస్తాయి.

చిక్కంతా తెలుపుతోనే. తెల్లని పిక్సెల్ అప్పటికే 100 శాతం తెరుచుకుని ఉంటుంది. బ్యాక్‌లైట్ 80 వద్ద ఉంటే 80 యూనిట్లే వస్తాయి. కాబట్టి డ్రైవర్ బ్యాక్‌లైట్‌ను మళ్లీ పెంచాలి. ఒక్కసారిగా పెంచితే తెర మిణుకుమంటుంది కనుక క్రమంగా పెంచుతుంది. ఆ ఆలస్యమే మనకు కనిపించే మసక.

కారణం కనిపెట్టడం

1. ఛార్జర్ పెట్టండి. ఈ సెట్టింగ్ సాధారణంగా బ్యాటరీ మీదే పనిచేస్తుంది. ఛార్జర్ పెట్టగానే మసక పోతే అనుమానం బలపడినట్లే.

2. గది వెలుతురు మార్చకుండా, తెరపై చిత్రాన్ని మాత్రమే మార్చండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో గది వెలుతురును కొలిచే సెన్సార్ కూడా తెరను మారుస్తుంది. అది వేరే సెట్టింగ్.

3. బయోస్ సెటప్ తెరవండి. అక్కడ విండోస్ డ్రైవర్ ఇంకా పని మొదలుపెట్టదు. అక్కడ కూడా తెర మిణుకుతుంటే ప్యానెల్‌నో, కేబుల్‌నో అనుమానించాలి. అప్పుడే మరమ్మతు అవసరం.

సరిచేయడం

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, ఆపై బ్రైట్‌నెస్ వరకు వెళ్లండి. తెరపై ఉన్న దృశ్యాన్ని బట్టి వెలుగు మార్చే ఎంపిక కనిపిస్తే ఆపండి. లేకపోతే ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో పైన చెప్పిన పేర్లతో వెతకండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. రెండూ కలిపి మారిస్తే అసలు కారణం తెలియదు. డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు పాత స్థితి తిరిగి రావచ్చు.

ఈ సెట్టింగ్ ఆపితే బ్యాటరీ కాస్త త్వరగా అయిపోతుంది. ఫొటోలు దిద్దేవారికి నిలకడైన వెలుగు ముఖ్యం. ప్రయాణంలో చదువుకునేవారికి బ్యాటరీ ముఖ్యం. మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి.

అభ్యాసం: బ్యాక్‌లైట్‌ను 100 నుంచి 75కి తగ్గించారు. 60 శాతం తెరిచిన పిక్సెల్ అదే వెలుగు ఇవ్వాలంటే ఎంత తెరవాలి? 90 శాతం తెరిచిన పిక్సెల్‌కు అది ఎందుకు సాధ్యం కాదు?