రాగి బాయిలరు: కట్టెల వేడి ఎచటికి పోవుచున్నది?

హైదరాబాదు ప్రాంతమున డిసెంబరు, జనవరి మాసములలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత సాధారణముగా 15 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపులకు దిగును; కొన్ని దినములలో 10 డిగ్రీలకును తగ్గుట కద్దు. శంషాబాదు విమానాశ్రయపు దారికి చేరువనున్న కాటేదాన్ వంటి శివారులలో కట్టెల బాయిలరుతో స్నానపు నీరు కాచుకొనువారికి అప్పుడు ఒక చిక్కు వచ్చును: ఎన్ని కట్టెలు పెట్టినను నీరు త్వరగా కాగదు. లోపము బాయిలరుదా, కట్టెలదా? లెక్క వేసి చూతము.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు ఒక కిలో కెలోరీ ఉష్ణము కావలెను. 60 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 50 డిగ్రీలకు తెచ్చుటకు 1,800 కిలో కెలోరీలు చాలును. బాగుగ ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలో కెలోరీల నిచ్చును. అనగా వేడి అంతయు నీటికే చేరినచో అరకిలోకు కొంచెము మించిన కట్టె సరిపోవలెను. వాస్తవముగా ఇంతకు ఎన్నో రెట్లు ఖర్చగును. మిగిలిన వేడి ఏమగుచున్నది?

మొదటి నష్టము తేమ వలన. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే ఉండవచ్చును. అట్టి కట్టె 5 కిలోలు కొన్నచో రెండున్నర కిలోలు నీటినే కొన్నట్లు! పైగా ఆ నీటిని మరిగించి ఆవిరి చేయుటకు కిలోకు 620 కిలో కెలోరీల చొప్పున 1,550 కిలో కెలోరీలు వ్యయమగును. స్నానపు నీటికి కావలసిన వేడి దాదాపు అంతయు ఇచ్చటనే పోయినది.

రెండవ నష్టము పొగ. కట్టె వేడెక్కినపుడు దాని ఎండు పదార్థములో ఇంచుమించు మూడు వంతులు వాయువులుగా వెలువడును. మంట వేడిగా నుండి, ప్రాణవాయువు చాలినంత అందినచో అవి మండి వేడి నిచ్చును. తడికట్టె మంటను చల్లార్చును. బూడిద నిండిన జల్లెడ గాలిని అడ్డగించును. అప్పుడు వాయువులు మండకయే పొగయై పోవును. వాటిలో కొంత భాగము మసియై రాగి గొట్టమున కంటుకొనును. మసి ఉష్ణమును సరిగా ప్రసరింపనీయదు.

మూడవది పొగగొట్టము. గాలి మితిమీరి లాగినచో వేడి వాయువులు నీటికి ఉష్ణము నిచ్చు వ్యవధి లేకయే పైకి పోవును. కావున మంట బాగుగ అంటుకొన్న పిదప గాలి ద్వారమును కొంత తగ్గించవచ్చును, పూర్తిగా మూయరాదు. గాలి చాలని నిప్పు నుండి కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హెమోగ్లోబినుతో కలిసి ప్రాణవాయువును అందనీయక మనిషిని చంపగలదు. తలుపులు మూసిన స్నానపు గదిలో బాయిలరును గాని, నిప్పుల కుంపటిని గాని ఉంచరాదు.

కర్మాగారములు గల చోట్ల పాత పెట్టెల చెక్కలు సులభముగ దొరకును. రంగు పూయనివి, మందు పట్టించనివి మాత్రమే వాడవలెను. ప్లాస్టికు, రబ్బరు ముక్కలను ఎన్నడును వేయరాదు, పి.వి.సి. కాలినపుడు హైడ్రోజన్ క్లోరైడు వెలువడును.

తుమ్మ కాని, వేప కాని, ఏ కట్టెయైనను సన్నగ చీల్చి, వాన తగులని, గాలి పారు చోట పేర్చి, నెలల తరబడి ఎండనీయవలెను. చలికాలపు కట్టెలను వేసవిలోనే సిద్ధపరచుకొనుట మేలు. రెండు ముక్కలను ఒకదానితో నొకటి తట్టినపుడు ఎండినవి ఖంగున మ్రోగును. పచ్చివి మొద్దుగా చప్పుడు చేయును.

విద్యార్థులు దీనిని త్రాసుతోనే పరీక్షింపవచ్చును. ఒక పచ్చి కట్టెముక్కను తూచి, ఎండలో పెట్టి, వారమున కొకసారి తూకమును వ్రాసికొనవలెను. తూకము ఇక తగ్గని నాటికి పోయిన బరువెంతో చూడుడు. అదియే పొయ్యిలో మన వేడిని దొంగిలింపనున్న నీరు.