నెల తక్కువ బిడ్డకు ఊపిరి

నెలలు నిండి పుట్టిన బిడ్డ కేరుమని ఏడుస్తుంది. ఆ ఏడుపుతోనే గాలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఒక్కోసారి ఏడవదు. ఏడ్చినా రొప్పుతుంది, మూలుగుతుంది, డొక్కలు ఎగరేస్తుంది. ఎందుకని?

ఊపిరితిత్తుల్లో సన్నని గాలి సంచులుంటాయి. తడిసిన ప్లాస్టిక్ సంచిని చూడండి. లోపలి వైపులు అంటుకుపోతాయి. గాలి సంచులు అలా అంటుకోకుండా వాటిలో సబ్బునీళ్ల లాంటి పొర ఉంటుంది. కడుపులో చివరి రెండు నెలల్లోనే ఇది బాగా తయారవుతుంది. ముందే పుడితే ఈ పొర చాలదు. ఊపిరి వదిలినప్పుడల్లా సంచులు మూసుకుపోతాయి. వాటిని తెరిచి తెరిచి బిడ్డ అలసిపోతుంది.

"ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అంటారు. అది నిజం కాదు. కడుపులో ఎక్కువ రోజులున్న కొద్దీ బిడ్డకు మేలే.

1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీకి నెలలు నిండకుండా కొడుకు పుట్టాడు. ఎంత పెద్ద ఆస్పత్రిలో పెట్టినా ఊపిరి అందక రెండు రోజుల్లో చనిపోయాడు. అప్పటికి తగిన వైద్యం లేదు. 1971లో గ్రెగరీ అనే డాక్టరు ఒక దారి చూపాడు. బిడ్డ తనంతట తానే ఊపిరి తీసుకుంటుంది. గొట్టం ద్వారా మెల్లని ఒత్తిడితో గాలి పంపుతారు. గాలి సంచులు మూసుకోవు. దీన్నే సీపాప్ అంటారు. ఇప్పుడు ముక్కులో చిన్న గొట్టాలు పెట్టి ఈ గాలి ఇస్తున్నారు.

పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషమే ముఖ్యం. నర్సు పొడిగుడ్డతో తుడిచి, వీపు రుద్దుతుంది. అయినా ఊపిరి రాకపోతే ముక్కు మీద, నోటి మీద మాస్కు పెట్టి, సంచి నొక్కి గాలి ఇస్తుంది. బిడ్డను తలకిందులుగా పట్టుకోకూడదు. కొట్టకూడదు. చన్నీళ్లు చల్లకూడదు. వెంటనే స్నానం చేయించకూడదు.

బిడ్డ ఊపిరికి సాయం పుట్టకముందే మొదలు కావచ్చు. నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉంటే డాక్టరు తల్లికి ఇంజెక్షను ఇస్తారు. ఆ మందు కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయి. కాన్పుకు ఒక రోజు ముందే అందితే బాగా పనిచేస్తుంది.

అందుకే నెలలు నిండకముందు నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. పసిబిడ్డలకు వైద్యం చేసే పెద్దాస్పత్రికి పోండి. తల్లి ఎంత తొందరగా చేరితే బిడ్డకు అంత మేలు.