లేజరుకు లొంగని స్టీలు గ్లాసు

"సార్, చెక్కను కోసే లేజరు స్టీలు గ్లాసు మీద ఒక్క గీత కూడా ఎందుకు గీయదు?" స్టేషన్ ఘన్‌పూర్‌లో ఓ పదో తరగతి పిల్లవాడు అడిగిన ప్రశ్న ఇది. పెళ్లికో, గృహప్రవేశానికో పంచే గ్లాసుల మీద పేరు వేయించడం మనకు కొత్తేం కాదు. సామాన్ల కొట్టులో చేతి మిషన్‌తో టరటరమంటూ చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టడం, అక్షరానికింత అని లెక్కకట్టడం అందరం చూసిందే. ఇప్పుడు షీల్డులు, నేమ్‌ప్లేట్లు చేసే షాపుల్లోకి లేజర్లు వచ్చాయి. 3 మి.మీ. అక్రిలిక్ షీటును అవలీలగా కోసే ఆ యంత్రం, స్టీలు గ్లాసు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

అందులో ఉండేది కార్బన్ డయాక్సైడ్ లేజరు. దాని కాంతి తరంగం పొడవు 10.6 మైక్రాన్లు, కంటికి కనపడదు. చెక్క, తోలు, అక్రిలిక్ దాన్ని ఇట్టే పీల్చుకుంటాయి. లోహం అలా కాదు. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లుంటాయి. తరంగం వచ్చి తాకగానే అవి దానితో పాటే ఊగి, వచ్చినదాన్ని వచ్చినట్టే వెనక్కి కొడతాయి. తరంగం ఎంత పొడవైతే దాని ఊపు అంత నెమ్మది, ఎలక్ట్రాన్లకు అంత సులువు. అందుకే నున్నటి స్టీలు ఈ కాంతిలో 90 శాతం దాకా తిప్పికొడుతుంది.

ఈ లేజరును కనిపెట్టింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణేలో ఇంజినీరింగ్ చదివిన సి. కుమార్ పటేల్. 1964లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో. ఆయన నైట్రోజన్‌ను వాడుకున్న తీరు నాకెప్పుడూ ముచ్చటేస్తుంది. కరెంటు దెబ్బకు నైట్రోజన్ అణువు కంపిస్తుంది. రెండు పక్కలా ఒకే రకం పరమాణువులు కాబట్టి ఆ శక్తిని కాంతిగా వదిలించుకోలేదు, లోపలే దాచుకుంటుంది. పక్కనున్న కార్బన్ డయాక్సైడ్ అణువు ఒక తీరున కంపించడానికి కావలసిన శక్తి కూడా దాదాపు అంతే. రెండూ ఢీకొనగానే దాచిందంతా దానికి అప్పజెప్పేస్తుంది. లేజరు బలం పెరిగింది ఈ కిటుకుతోనే.

తమాషా ఏమిటంటే, అదే ఏడాది అదే బెల్ ల్యాబ్స్‌లో జ్యూసిక్ బృందం యాగ్ అనే స్ఫటికంతో ఇంకో లేజరు తయారుచేసింది. దాని తరంగం 1.06 మైక్రాన్లు, దాదాపు పదో వంతు. స్టీలు ఆ కాంతిని మూడో వంతు దాకా పీల్చుకుంటుంది. ఇప్పటి ఫైబర్ లేజర్లదీ దాదాపు అదే కాంతి. గ్లాసు మీద అవి నేరుగా రాసేస్తాయి. కాకపోతే వాటికి చెక్క, పారదర్శకమైన అక్రిలిక్ సరిగా లొంగవు. నేమ్‌ప్లేట్ల కోసం అప్పు చేసి ఒక యంత్రం కొన్నవాడు గ్లాసుల కోసం ఇంకోటి ఎక్కడ కొంటాడు?

ఇక్కడే స్ప్రే రంగంలోకి దిగుతుంది. కాంతిని స్టీలు పీల్చుకోకపోతే, పీల్చుకునే పొడిని దాని మీద పూస్తే సరి. గ్లాసు ఒంటి మీద సూదిమొనంత కుంపటి వెలిగించడం లాంటిదిది. పొడి కాంతిని మింగి కాగిపోతుంది, ఆ వేడికి ఉక్కు పైపొరతో కలిసిపోయి నల్లగా గట్టిపడుతుంది. ఈ పద్ధతి మీద పాల్ హారిసన్‌కు 2000లో అమెరికా పేటెంటు దక్కింది. ఇందుకోసమే తయారుచేసిన ద్రావణాలు బాగా ఖరీదు. చవక దారి వెతికినవాళ్లకు దొరికింది డ్రై మాలీ లూబ్రికెంట్ స్ప్రే. మెకానిక్కులకు తెలిసిన మాలిబ్డినం డైసల్ఫైడే, మాలీ గ్రీజులో ఉండేదే.

పని మాత్రం ఓపికతో చేయాలి. గ్లాసును స్పిరిట్‌తో తుడవాలి, వేలిముద్ర మిగిలితే అక్కడ అక్షరం లేచిపోతుంది. డబ్బా బాగా ఊపి పలచగా కొట్టాలి, పూర్తిగా ఆరనివ్వాలి. మందంగా పడితే వేడి పొడిలోనే ఆగిపోతుంది, ఉక్కుదాకా దిగదు. లేజరు నెమ్మదిగా నడవాలి, గ్లాసు తిప్పే రోటరీ ఉండాలి. మన గ్లాసులు కింద సన్నం, పైన వెడల్పు. వాలు సరిచేయకపోతే ఒక కొసన నలుపు, ఇంకో కొసన బూడిదరంగు వస్తుంది. చివర్లో తడిగుడ్డతో తుడిస్తే మిగతా పొడి పోయి పేరు నిలుస్తుంది.

కాలేటప్పుడు గంధకం పొగ వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను లేకుండా ఈ పని చేయకూడదు. రాత గ్లాసు బయటి వైపే, పెదవి తగిలే అంచుకు దూరంగా ఉండాలి. రంగు పూత ఉన్న బాటిళ్లకైతే స్ప్రేతో పనే లేదు, లేజరు ఆ పూతను కాల్చేస్తే కింది స్టీలే అక్షరమై మెరుస్తుంది.

ఇదే పొడి ఇత్తడి మీద ఇంత తేలిగ్గా పట్టదు. స్టీలు కన్నా ఇత్తడి ఎన్నో రెట్లు వేగంగా వేడిని పక్కకు లాగేస్తుంది, కాబట్టి ఒకచోట వేడి నిలవదు. జనగామ పక్కనున్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ తేల్చాలంటే ఇప్పటికీ సుత్తీ ఉలీ పట్టాల్సిందే, ఈ డబ్బాతో అయ్యే పని కాదది.

ఫైబర్ లేజర్ల ధరలు ఏటేటా దిగుతున్నాయి. పెళ్లి గ్లాసులు వందల్లో వస్తే అదే లాభం. పాతిక గ్లాసులకు మాత్రం ఈ స్ప్రే డబ్బా చాలు.