లక్షణం ఒకచోట, మూలం మరొకచోట

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేస్తోందన్న వార్త ప్రపంచమంతటా పాకింది. ‘జ్ఞా’ అనే అక్షరపు సంకేతాల వరుసలో, దీర్ఘానికి ముందు, కంటికి కనిపించని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ చేరిన సందేశం వస్తే, దానిని తెరమీద చూపబోయిన యాప్ ఉన్నపళాన మూతపడేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి దానిని సరిదిద్దింది. నింద మాత్రం తెలుగు అక్షరం మీదనే మిగిలిపోయింది. నిజానికి యూనికోడ్‌లో ఆ వరుసకు నిషేధమేమీ లేదు. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలు కూడా అదే పని చేయగలవని కొద్దిరోజులకే తేలింది. దోషం అక్షరాలను తెరమీద పేర్చే ‘కోర్‌టెక్స్ట్’ అనే భాగంలో ఉంది. నొప్పి తెలిసిన చోటే జబ్బు ఉన్నదనుకోవడం వైద్యంలో ఎంత పాత పొరపాటో, సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే.

ఈ పొరపాటుకు ఎక్కువ అవకాశమున్న చోటు ప్రోగ్రామింగ్ భాషల నిర్మాణం. ప్రోగ్రామింగ్ భాష అంటే వ్యాకరణం మాత్రమే కాదు. ఆ భాషను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ కూడా. ఆ కంపైలర్ కూడా ఒక ప్రోగ్రామే. దానిని తయారు చేయడానికి అంతకుముందే మరొక కంపైలర్ ఉండాలి. ఉదాహరణకు, ఆపిల్ 2014లో ప్రకటించి, 2015 డిసెంబరులో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన స్విఫ్ట్ భాషను తీసుకోవచ్చు. దానికి పునాది ఎల్‌ఎల్‌వీఎమ్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అడ్వే 2000లో మొదలుపెట్టిన పరిశోధన అది. సీ భాషాకుటుంబం కోసం ఆ పునాదిమీదనే లేచిన కంపైలర్ పేరు క్లాంగ్. 2007లో దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. స్విఫ్ట్ కంపైలర్ సీ భాషలోని హెడర్ ఫైళ్ళను అర్థం చేసుకోవడానికి క్లాంగ్‌నే ఆశ్రయిస్తుంది. ఇన్ని అంతస్తుల కట్టడంలో పై అంతస్తులో కనిపించిన పగులుకు కారణం పునాదిలో ఉండవచ్చు.

నిర్మాణంలో మొదటి దశ కంపైల్ చేయడం. ఇక్కడి దోషసందేశాలు వందల సంఖ్యలో వచ్చిపడతాయి. వాటిలో సాధారణంగా మొదటిదే ముఖ్యమైనది. ఒక్క హెడర్ ఫైలు దొరకకపోతే, అందులో నిర్వచించిన ప్రతి పేరూ ఆ తరువాత అపరిచితంగానే కనిపిస్తుంది. చివరి సందేశంతో మొదలుపెట్టినవారు సరిగానే ఉన్న కోడ్‌ను దిద్దుతూ కూర్చుంటారు.

రెండవ దశ లింకింగ్, అంటే విడివిడిగా తయారైన భాగాలను ఒకటిగా కలపడం. ఇక్కడి చిక్కులు ఎక్కువగా పేర్లవి. మలేషియాలోని సెలంగోర్ రాష్ట్రంలో క్లాంగ్ అనే పాత పట్టణం ఉంది. అదే పేరుతో ఒక నది, ఒక రేవు ఉన్నాయి. రోమన్ లిపిలో మొదటి అక్షరం వేరు గనుక ఆ పట్టణం పేరూ కంపైలర్ పేరూ కలిసిపోవు. తెలుగులో రాసినప్పుడు రెండూ ఒకటే. చదువరి సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాడు. లింకర్‌కు సందర్భం తెలియదు. ఒకే పేరుకు రెండు నిర్వచనాలు ఎదురైతే ఏది కావాలో తేల్చుకోలేక సాధారణంగా ఆగిపోతుంది. ఒక ఊళ్ళో నలుగురు సుబ్బారావులుంటే తెలుగువారు ఇంటిపేరుతో వేరు చేసినట్లే, స్విఫ్ట్ కంపైలర్ ప్రతి పేరుకూ అది పుట్టిన మాడ్యూల్ పేరును జతచేస్తుంది. సీ భాషలో ఆ ఏర్పాటు లేదు. అందువల్ల రెండు భాషలు కలిసే సరిహద్దులో ఈ తగాదా ఇప్పటికీ తలెత్తుతూనే ఉంటుంది.

మూడవది, నడుస్తున్న ప్రోగ్రామును పరీక్షించే దశ. దీనికి వాడే సాధనం డీబగ్గర్. యంత్రభాషలోని ఏ ఆదేశం సోర్స్ కోడ్‌లోని ఏ పంక్తినుంచి వచ్చిందో కంపైలర్ ఒక పట్టీగా రాసిపెడితేనే డీబగ్గర్‌కు దారి తెలుస్తుంది. వేగం కోసం కంపైలర్ కొన్ని చలరాశులను తొలగిస్తుంది, ఆదేశాల క్రమాన్ని మారుస్తుంది. అప్పుడు డీబగ్గర్ విలువ లభ్యం కాదని చెబుతుంది. అది డీబగ్గర్ లోపం కాకపోవచ్చు. ఆ విలువ ఆ క్షణాన ఎక్కడా లేకపోవచ్చు. స్విఫ్ట్‌కు వాడే డీబగ్గర్ ఎల్‌ఎల్‌డీబీ ఇంకొక మెట్టు ఎక్కి, స్విఫ్ట్ కంపైలర్‌నూ క్లాంగ్‌నూ తనలోనే ఇముడ్చుకుంది. ప్రోగ్రామును తయారుచేసిన కంపైలర్ వెర్షన్ ఒకటి, డీబగ్గర్‌లోనిది మరొకటి అయితే మాడ్యూళ్ళను చదవలేకపోవచ్చు. ఒక కంప్యూటర్‌లో నిర్మించి మరొకదానిలో పరీక్షిస్తే, హెడర్ ఫైళ్ళ చిరునామాలు మారిపోయి అదే ఫలితం రావచ్చు. పైకి కనిపించేది డీబగ్గర్ వైఫల్యం, కారణం నిర్మాణంలోని తేడా.

ఇటువంటి చోట ఊహలకన్నా క్రమబద్ధంగా వెతకడమే మేలు. నిన్నటిదాకా పనిచేసి నేడు పనిచేయని భాషలో, మధ్యలో వెయ్యి మార్పులు జరిగి ఉండవచ్చు. గిట్‌లోని ‘బైసెక్ట్’ సదుపాయం వాటిని సగానికి విడదీసి, నడుమనున్న మార్పును పరీక్షించమంటుంది. దోషం అక్కడే కనిపిస్తే అంతకుముందున్న సగంలో, లేకపోతే తరువాతి సగంలో వెతకాలి. ఈ పద్ధతిలో దాదాపు పది పరీక్షలతో వెయ్యింటిలో ఒకటి బయటపడుతుంది. నిర్మాణమే సాధ్యం కాని మార్పు ఎదురైతే దానిని దాటి పక్కదానిని చూడవచ్చు. అటువంటివి ఎక్కువైతే వెతుకులాట ఒక్క మార్పు దగ్గర కాక, ఒక గుంపు దగ్గర ఆగిపోతుంది. అందువల్లనే ప్రతి మార్పు తరువాతా భాష నిర్మాణం సవ్యంగా సాగాలని అనుభవజ్ఞులు పట్టుబడతారు.

అయితే ఈ వెతుకులాటకు సోర్స్ కోడ్, దాని మార్పుల చరిత్ర చేతిలో ఉండాలి. కోర్‌టెక్స్ట్ సోర్స్ కోడ్ బయటివారికి అందదు. 2018లో ఆ దోషాన్ని పరిశోధించిన ఔత్సాహికులు ఏ వరుసలు ఫోనును పడగొడుతున్నాయో కనిపెట్టగలిగారు గాని, దానిని సరిచేయడం వారి చేతిలో లేదు. ఆపిల్ దిద్దుబాటు వచ్చేదాకా వేచి ఉండవలసి వచ్చింది. అదే సంస్థ మొదలుపెట్టిన స్విఫ్ట్‌లో దోషం కనబడితే, ఏ దేశంలో ఉన్నవారైనా మూలానికి వెళ్ళి సవరణ ప్రతిపాదించవచ్చు.

సవరణతో పని పూర్తికాదు. ఆ దోషం తిరిగి వస్తే వెంటనే పట్టుకునే పరీక్షను కూడా జతచేయాలి. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అక్షరాలను అమర్చే ఓపెన్ సోర్స్ సాధనం హార్ఫ్‌బజ్ పరీక్షలలో తెలుగు పదాలున్నాయి. ఒక మార్పు వల్ల తెలుగు అక్షరాల అమరిక దెబ్బతింటే, అది వాడుకరుల ఫోన్లకు చేరకముందే పట్టుకోవడానికి అవి ఉపయోగపడతాయి. తెరమీది రూపం సరైనదో కాదో కంపైలర్ చెప్పలేదు. ఏ ఒత్తు ఎక్కడ ఉండాలో తెలిసినవారే ఆ పరీక్షలను రాయగలరు.