ఆర్కేడు ఆటలును వాని యింటి ప్రతులును

నాణెము వేసి యాడుకొను వీడియో ఆటల పెట్టెలను వరుసగా నిలిపియుంచిన శాలకు ఆర్కేడు అని పేరు. ఇంటిలోని టెలివిజనునకు తగిలించి యాడుకొను చిన్న యంత్రము కన్సోలు. ఆర్కేడునందు ప్రసిద్ధికెక్కిన యాటను కన్సోలునకు తగునట్లు మరల రచించుటను పోర్టు చేయుట యందురు. పేరు రెంటికి నొక్కటియే యైనను లోపలి యాట యొక్కటి గాదు. ఈ భేదము లెట్లు కలిగెనో, వానిలో నేవి సహింపదగినవో, ఏవి కావో విచారింతము. ఇది వట్టి వినోదపు విచారము గాదు. తొలినాటి ఆర్కేడు పెట్టెలు పెక్కులు శిథిలమైనవి. అనేకు లాయాటలను ఇంటి ప్రతుల మూలముననే యెఱుగుదురు. ప్రతిని జూచి మూలముయొక్క మంచిచెడ్డలను నిర్ణయింపబూనువాడు రెంటికి గల యంతరమును దెలిసికొనక తప్పదు.

ఆర్కేడు పెట్టె సాధారణముగా నొక్క యాట నుద్దేశించి కూర్పబడును. ఆ యాటకు వలసిన ప్రాసెసరును, వలసినంత మెమొరీయును, వలసిన యాకారముగల తెఱయు దానికి సమకూర్తురు. కన్సోలు అట్లు గాదు. అది పలు ఆటలకు పనికిరావలెను. సామాన్య గృహస్థునకు అందుబాటు వెలలో నుండవలెను. 1977వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన అటారీ 2600 ఇందుకు మంచి నిదర్శనము. ఆట నడచునప్పటి లెక్కల కందు గల చోటు 128 బైట్లు మాత్రమే. తెఱమీది బొమ్మను ముందుగా పూర్తిచేసి దాచుకొనుటకు తావు లేదు. టెలివిజను కిరణము పైనుండి క్రిందికి గీతవెంట గీతగా దిగుచుండగా, ప్రోగ్రాము దానితోపాటు పరుగెత్తుచు ఒక్కొక్క గీతకు వలసిన రూపము నప్పటికప్పు డందింపవలెను. కదలెడు బొమ్మలును రెండే. వానికి తోడు రెండు గుండ్లు, ఒక బంతి. ఇంత కొలది సామగ్రితో పెద్ద యాటను దింపుట కొండను అద్దములో జూపుట వంటిది.

జపానునందలి టైటో సంస్థవారు 1978లో వెలువరించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ తొమొహిరో నిషికాడో రచన. అందు వరుసకు 11 చొప్పున 5 వరుసలలో 55 శత్రురూపములు దిగివచ్చుచుండును. ప్రాసెసరు ఒక్కొక్క మాఱు ఒక్కొక్క దానినే జరుపగలుగుటచే, అవి నశించినకొలది మిగిలినవాని నడక వడిగా మాఱును. యంత్రముయొక్క యశక్తియే యాటకు ప్రాణమయ్యెను! 1980లో రిక్ మౌరర్ అనునతడు దీనిని అటారీ 2600కు దింపినపుడు శత్రువులు 36 అయినవి. నాలుగు చాటుగోడలు మూడైనవి. వరుసకు ఆఱే యేల? ఆ యంత్రము ఒక్కొక్క బొమ్మను ప్రక్కప్రక్కన మూడు మాఱులు చూపగలదు. రెండు బొమ్మలు మూడేసి యైన ఆఱు. సంఖ్య తగ్గినను, శత్రువులు తగ్గినకొలది హెచ్చు వేగమును మౌరర్ విడువలేదు. పైగా ఇరువురు కూడి యాడు విధములతో కలిపి 112 భేదములను చేర్చెను. ప్రాణమును నిలిపి దేహమును కుదించిన ప్రతి యిది.

ఇందుకు విపరీతమైన యుదాహరణము ‘పాక్‌మాన్’. నామ్కో సంస్థలో తోరు ఇవాతాని రూపొందించిన యీ యాట 1980లో వెలువడెను. అందు నాలుగు భూతములకు నాలుగు రంగులు, నాలుగు స్వభావములు. ఒకటి నేరుగా వెన్నాడును. ఒకటి ముందుదారిని గాచును. మఱియొకటి దగ్గఱకు వచ్చి వెనుదిరుగును. వీనిని గుర్తించి మెలగుటయే ఆటగాని నేర్పు. 1982లో వచ్చిన అటారీ 2600 ప్రతిని 4 కిలోబైట్ల కార్ట్రిడ్జిలో నిమిడ్చిరి. నాలుగు భూతములను వంతులవారీగా చూపుటచే నవి యెడతెగక మిణుకుమిణుకు మనుచుండెను; రంగుల భేదము కంటికానదయ్యెను. నల్లని నేల నీలమయ్యెను. పండ్లు పోయి యొక చతురపు ముక్క వచ్చెను. ప్రక్కలనుండు ద్వారములు పైకిని క్రిందికిని మాఱెను. ఆ కన్సోలు ఆటలలో కెల్ల నెక్కువగా నమ్ముడుపోయినది యిదియే. కొన్నవారిని మిక్కిలి నిరాశపఱచినదియు నిదియే.

యంత్రము చిన్నది గావున నింతకంటె సాధ్యము గాదని కొంద ఱనవచ్చును. 1983లో అదే యంత్రమునకు వచ్చిన ‘మిస్ పాక్‌మాన్’ ఆ మాటను త్రోసిపుచ్చినది. దానికి 8 కిలోబైట్లు ఇచ్చిరి. కిరణము దిగుచుండగా ఒకే బొమ్మను వేఱువేఱు ఎత్తులలో మరల మరల వాడుకొనుటచే, భూతములు ఒకే మట్టమునకు వచ్చినపుడు తప్ప మిణుకుట లేదు. యంత్ర మొక్కటియే, వ్యయమును శ్రద్ధయు వేఱు.

కొఱత మఱియొక విధముగను రావచ్చును. నింటెండో వారి ‘డాంకీ కాంగ్’ (1981) నాలుగు రంగములు గల యాట. 1983 జులై 15న జపానులో ఫామికామ్ కన్సోలుతోపాటు వెలువడిన ప్రతిలో బొమ్మలు, గంతులు చక్కగా నున్నవిగాని, కదలెడు పట్టాలుగల రెండవ రంగము లేదు. కార్ట్రిడ్జిలో నున్నది 24 కిలోబైట్లే. 2010లో వెలువడిన యొక ప్రత్యేక ప్రతిలో గాని ఆ రంగము ఫామికామ్ రూపమున చేరలేదు. ఫామికామ్ ప్రతితోనే పెరిగినవారికి మూలమున నాల్గవ రంగ మొకటి కలదనియే తోపదు.

పిమ్మట కాలము మాఱెను. 1990లో ఎస్ఎన్‌కే వారు నియో జియో పేర ఆర్కేడునకును ఇంటికిని ఒకే యంత్రాంగమును వాడిరి. ప్రతి మూలమునకు సమానమయ్యెను గాని వెల మాత్రము సామాన్యుల కందలేదు. 1999లో డ్రీమ్‌కాస్ట్ కన్సోలునకు వచ్చిన ‘సోల్ కాలిబర్’ చిత్రసౌష్ఠవమున 1998 నాటి తన ఆర్కేడు మూలమునే మించినది.

కావున ఇంటి ప్రతిని పరీక్షించువాడు మూడు ప్రశ్నలు వేయవలెను. తగ్గినది దేహమా, ప్రాణమా? తగ్గుటకు కారణము యంత్రమా, ఆతురతయా? తగ్గినదానికి బదులుగా చేర్చినది యేమి? బొమ్మలు పోలినంత మాత్రమున ప్రతి మంచిది గాదు. పోలనంత మాత్రమున చెడ్డది గాదు. మూలమున నేది విడువరానిదో ముందుగా గ్రహించినవాడే కొలది చోటున గొప్ప పని చేయగలడు.